ఉద్యోగం దొరికాక కూడా తగ్గని డిప్రెషన్: ఒక కేస్ స్టడీ

ముందే ఒక మాట. ఈ కేసులోని మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, వృత్తి, ఇంటి వివరాలు మార్చాను. ఇదే తరహా ఇబ్బందితో వచ్చిన ఇంకొందరి వివరాలు కూడా కొన్ని ఇందులో కలిపాను. పరిశోధనల గురించి చెప్పిన సంవత్సరాలు, అంకెలు మాత్రం ప్రచురితమైనవే.

డిప్రెషన్‌తో మనిషిని తీసుకొచ్చే ప్రతి కుటుంబమూ అడిగేది ఒక్కటే, "ఇది దేనివల్ల వచ్చింది డాక్టర్ గారూ?" అని. ఒక కారణం దొరికితే అది తీసేస్తే సరిపోతుందన్న ఆశ అది, అర్థం చేసుకోదగ్గదే. ఈ కేసులో చిక్కు ఏమిటంటే కారణం అందరికీ తెలుసు, అది తీరిపోయింది కూడా, అయినా జబ్బు అలాగే ఉంది. డిప్రెషన్‌ని మొదలుపెట్టేవి వేరు, మొదలైనదాన్ని పోనివ్వకుండా పట్టుకుని ఉండేవి వేరు. మనం చేయగలిగింది ఎక్కువగా ఈ రెండో రకం దగ్గరే ఉంటుందని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇదంతా రాస్తున్నాను.

వచ్చినప్పటి పరిస్థితి

ఆయనకి 47 ఏళ్లు. ఒక కంపెనీలో అకౌంట్స్ విభాగం మొత్తం చూసుకునేవారు. కంపెనీ మూతపడింది, ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నారు, ఆ తర్వాత ఇంకోచోట చిన్న హోదాలో, తక్కువ జీతానికి చేరారు. నా దగ్గరికి వచ్చేనాటికి అక్కడ చేరి ఐదు నెలలయింది. సైకియాట్రిస్ట్ కావాలని ఆయన వెతుక్కుంటూ రాలేదు. నడుం నొప్పి, తల బరువు, పొద్దున లేవగానే నీరసం అంటూ ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్తూ వచ్చారు. ఆ డాక్టర్ పరీక్షలన్నీ చేయించి, ఒకసారి మనసు సంగతి కూడా చూపించుకోండి అని ఇటు పంపారు.

ఇది చాలా మామూలు విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో చేయించిన అధ్యయనం ఒకటి 1999లో వచ్చింది. మామూలు డాక్టర్ల దగ్గరికి వెళ్లినవాళ్లలో డిప్రెషన్ ఉన్నవాళ్లు 1,146 మంది తేలితే, అందులో 69 శాతం మంది డాక్టర్‌కి చెప్పుకున్నది ఒంటి బాధలే. విడిగా అడిగినప్పుడు మాత్రం వాళ్లలో ఎక్కువమంది దిగులు, నిరాశ ఉన్నాయని ఒప్పుకున్నారు. అంటే మనసు బాధ వాళ్లకి తెలియక కాదు, డాక్టర్ దగ్గర చెప్పుకోవాల్సింది నొప్పే అనుకుంటారు. ఆయన కూడా అంతే, అరగంట నడుం గురించే మాట్లాడారు. "పోయినేడాది ఇష్టంగా చేసిన పనుల్లో ఇప్పుడు ఏది ఇష్టంగా చేస్తున్నారు?" అని అడిగితే మాత్రం చాలాసేపు ఏమీ చెప్పలేకపోయారు.

భార్య పక్కనే ఉన్నారు. ఆమె గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ వినిపించింది. "ఉద్యోగం లేనప్పుడు బాధపడ్డారంటే అర్థముంది. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, అప్పులు కూడా తీరుతున్నాయి, పిల్లలు బాగా చదువుకుంటున్నారు. ఇంకా ఏం తక్కువైందని?" ఆయన వెంటనే ఒప్పేసుకున్నారు. "తను చెప్పింది నిజమేనండీ. బాధపడటానికి ఏ కారణమూ లేదు. ఏ కారణమూ లేకుండా ఇలా ఉన్నానంటే తేడా నాలోనే ఉందన్నమాట."

ఈ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. కారణం కనబడకపోతే మనిషి తనే కారణమని తేల్చేసుకుంటాడు. డిప్రెషన్‌లో అపరాధ భావం ఒక లక్షణం, దానికి ఈ లెక్క తోడైతే ఇక ఒడ్డు కనపడదు.

అంచనా

పీహెచ్‌క్యూ-9 నింపించాను. క్రోంకే, స్పిట్జర్, విలియమ్స్ 2001లో తెచ్చిన తొమ్మిది ప్రశ్నల కాగితం ఇది. గత రెండు వారాల్లో ఎంత తరచుగా అనిపించిందో ఒక్కో ప్రశ్నకి 0 నుంచి 3 వరకు వేసుకోవాలి, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డిప్రెషన్ ఉందేమోనని గట్టిగా చూడాలి, 15 నుంచి 19 వరకు ఓ మోస్తరు తీవ్రం, 20 నుంచి తీవ్రం. ఆయనకి 19 వచ్చింది. ఆ స్కోరుతోనే రోగనిర్ధారణ అయిపోదు, ఇది జల్లెడ మాత్రమే, ఇంటర్వ్యూ తప్పనిసరి. ఇంటర్వ్యూలో కూడా లక్షణాలు స్పష్టంగానే ఉన్నాయి: దేనిమీదా ఆసక్తి లేదు, తెల్లవారుజామున మూడున్నరకే మెలకువ, ఆకలి తగ్గింది, ఏకాగ్రత లేదు, తాను ఎందుకూ పనికిరానన్న భావన. ఇవన్నీ రెండు వారాలు కాదు, ఏడాది పైనుంచీ ఉన్నాయి.

మందు రాసే ముందు తప్పక అడగాల్సింది ఇంకొకటుంది. ఎప్పుడైనా వరుసగా కొన్ని రోజులు నిద్ర అక్కర్లేనంత హుషారు, మితిమీరిన మాటలు, చేతికందిన ఖర్చు, లేనిపోని ధీమా ఉన్నాయా అని. ఉంటే అది బైపోలార్ (కొన్నాళ్లు దిగులు, కొన్నాళ్లు ఇలాంటి మితిమీరిన హుషారు వచ్చే జబ్బు) కావచ్చు, అప్పుడు వట్టి యాంటీడిప్రెసెంట్ ఇవ్వడం ప్రమాదం. ఆయనా లేదన్నారు, విడిగా అడిగితే భార్యా లేదన్నారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 మామూలుగానే ఉన్నాయి. గురక లేదు. షుగర్ మాత్రం ఆరేళ్లుగా ఉంది, ఏడాదిగా మాత్రలు వేసుకుంటే వేసుకున్నట్టు, లేకపోతే లేనట్టు. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 9.2.

తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించడం గురించి. దానికి ఆయన 1 వేశారు. భార్యని కాసేపు బయట కూర్చోమని చెప్పి సూటిగానే అడిగాను. "రాత్రి పడుకుని పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తుంది, అంతకు మించి ఏమీ చేసుకోవాలని లేదు" అన్నారు. ఈ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు, కొందరు డాక్టర్లతో సహా. 2005లో అమెరికాలో 2,342 మంది హైస్కూల్ పిల్లల మీద దీన్ని పరీక్షించి చూశారు. ఆత్మహత్య గురించి అడిగినవాళ్లలో, అడగనివాళ్లతో పోలిస్తే, బాధ గానీ అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. అడగాలి, ఆ మాటే వాడి అడగాలి. ఆయన అడగ్గానే భుజాలు దించి కుర్చీలో వెనక్కి వాలారు, ఎవరూ అడగలేదని అప్పుడే చెప్పారు.

ఆరోజే ఒక భద్రతా ప్రణాళిక రాసుకున్నాం. ఆ ఆలోచన ముంచుకొచ్చే ముందు ఏం కనిపిస్తుంది, అప్పుడు తనంతట తాను ఏం చేస్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు, ఇంట్లో ఏవేవి అందుబాటులో లేకుండా పెట్టాలి, ఇవన్నీ ఆయన మాటల్లోనే, ఒక్క పేజీలో. ఇలాంటి కాగితం రాయించి, తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటూ ఉంటే తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి 45 శాతం తక్కువగా ఉన్నాయని స్టాన్లీ, బ్రౌన్ 2018లో చూపించారు. కాగితం ఒక్కటే కాదు, ఆ ఫోన్ కూడా చికిత్సే.

ఏవేవి తోడయ్యాయి

ఆయన తల్లికి ఇలాగే ఉండేదట. రెండో కాన్పు తర్వాత చాలాకాలం ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోయారు, చూపించలేదు. తండ్రి తాగొచ్చి కొట్టేవారు. ఈ రెండూ పరిశోధనల్లో బాగా తెలిసినవే. 2000లో సలివన్, నీల్, కెండ్లర్ కవలల అధ్యయనాలన్నీ కలిపి చూసి డిప్రెషన్‌లో వంశపారంపర్యం వాటా సుమారు 37 శాతమని తేల్చారు. 1998లో ఫెలిటీ బృందం, బాల్యంలో నాలుగు లేదా అంతకు మించి తీవ్రమైన కష్టాలు అనుభవించినవాళ్లకి పెద్దయ్యాక మద్యపానం, డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం వంటి ముప్పులు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువని చూపించింది.

ఈ 37 శాతం అంకెని ఆయన ఎక్కడో చదివే వచ్చారు. "అంటే నా పిల్లలకి వచ్చే అవకాశం 37 శాతమా?" అని అడిగారు. కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో జన్యువుల వల్ల వచ్చే తేడా ఎంత అనేదే ఆ అంకె చెబుతుంది. ఒక మనిషి భవిష్యత్తు గురించి అది ఏమీ చెప్పదు. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది, అలాంటివాళ్లలో కూడా చాలామందికి రాదు. డిప్రెషన్ జన్యువు అంటూ ఒకటి లేదు. 2003లో మెదడులోని సెరొటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక జన్యువు, జీవితంలో కష్టాలు కలిస్తే డిప్రెషన్ వస్తుందన్న పరిశోధన పెద్ద సంచలనమైంది, ఎన్నో ఏళ్లు దాన్నే పట్టుకున్నారు. 2019లో లక్షల మంది డేటాతో అలాంటి 18 జన్యువుల్ని పరీక్షిస్తే ఏదీ నిలబడలేదు. అదే ఏడాది వచ్చిన ఇంకో పెద్ద విశ్లేషణలో 102 చోట్ల చిన్నచిన్న తేడాలు దొరికాయి. ఒక్కో తేడా ప్రభావం బహు స్వల్పం. పిల్లల గురించి ఆయన పడే భయానికి ఇంత వివరంగా జవాబు చెప్పడం అవసరమనిపించింది. ఆ భయం ఆయన్ని రాత్రుళ్లు నిద్రపోనివ్వట్లేదు.

ఇక ఉద్యోగం. 2009లో పాల్, మోజర్ వందల అధ్యయనాలు కలిపి చూస్తే, నిరుద్యోగుల్లో 34 శాతం మందికి మానసిక సమస్యలుంటే ఉద్యోగం ఉన్నవాళ్లలో 16 శాతం మందికే ఉన్నాయి. మళ్లీ ఉద్యోగం దొరికితే సగటున మనసు కుదుటపడుతుందని కూడా ఆ విశ్లేషణలోనే ఉంది. భార్య చెప్పేది అదే, సగటు లెక్కలో ఆమె మాట నిజమే. కాకపోతే ఎలాంటి ఉద్యోగం దొరికిందన్నది కూడా చూడాలి. ఆస్ట్రేలియాలో ఏడు వేల మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించి బటర్‌వర్త్ బృందం 2011లో ఒక విషయం చెప్పింది. పని భారం ఎక్కువ, చేతిలో నిర్ణయం తక్కువ, భద్రత లేదు, చేసినదానికి తగ్గ ప్రతిఫలం లేదు, ఇలాంటి ఉద్యోగంలోకి వెళ్లినవాళ్ల మానసిక ఆరోగ్యం నిరుద్యోగులుగానే ఉండిపోయిన వాళ్లకన్నా ఎక్కువ దిగజారింది. ఆయన కొత్త ఉద్యోగం గురించి అడిగితే, తనకన్నా పదిహేనేళ్లు చిన్నవాడైన మేనేజర్ అందరి ముందూ బిల్లుల్లో తప్పులు చదివి వినిపిస్తాడని చెప్పారు. ఆ మాట అంతకుముందు భార్యతో కూడా చెప్పలేదు. "ఉద్యోగం ఉందన్నదే గొప్ప, ఇంకా కంప్లయింట్ కూడానా అంటారని" అన్నారు.

పట్టుకుని ఉన్నవి

తల్లి జబ్బు, తండ్రి దెబ్బలు, పోయిన కంపెనీ, ఈ మూడింటినీ మనం మార్చలేం. అందుకే ఇప్పుడు, ఈ వారం, ఏది దీన్ని నిలబెడుతోందని చూడటం మొదలుపెట్టాం. ఒక వారం గంటగంటకీ ఏం చేశారో, మనసు ఎలా ఉందో 0 నుంచి 10 లోపు ఒక అంకె వేసి తెమ్మని కాగితం ఇచ్చాను.

ఆ కాగితం నాకు బాగా గుర్తు. అకౌంటెంట్ కదా, గళ్లు స్కేలుతో గీసి, అంకెలు పొందిగ్గా రాసుకొచ్చారు. అంతా 2, 3. ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వరుసగా 1, ఎదురుగా రాసింది "మంచం మీద". రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి "రెండు పెగ్గులు", దాని పక్కన 4. తెల్లవారుజామున మూడున్నర నుంచి ఆరు వరకు "ఆలోచనలు", పక్కన సున్నా. బుధవారం సాయంత్రం ఏడున్నర దగ్గర మాత్రం 6 ఉంది, కూతురు లెక్క ఒకటి రాక అడిగితే పక్కన కూర్చుని చెప్పారట, నలభై నిమిషాలు. దాని మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే "అది లెక్కలోకి రాదులెండి" అన్నారు. వారం మొత్తం మీద అంత పెద్ద అంకె అదొక్కటే, లెక్కలు రాసే మనిషి దాన్నే తీసేయాలనుకున్నారు. డిప్రెషన్ మనిషి జ్ఞాపకాన్ని ఎలా వడపోస్తుందో ఇంతకన్నా స్పష్టంగా నేనెక్కడా చూడలేదు.

కాగితంలోంచి నాలుగైదు సంగతులు బయటపడ్డాయి. ఖాళీగా ఉన్న రోజుల్లో నిద్ర కోసమని మొదలైన తాగుడు ఉద్యోగం వచ్చాక కూడా ఆగలేదు. మద్యం త్వరగా నిద్ర పట్టిస్తుంది, రాత్రి రెండో సగంలో ఆ నిద్రని ముక్కలు చేస్తుంది, ఆ మూడున్నర మెలకువలో దీని వాటా చాలా ఉంది. నిద్రలేమిని మనం డిప్రెషన్ లక్షణమనే చూస్తాం గానీ, డిప్రెషన్ లేనివాళ్లలో నిద్రలేమి ఉన్నవాళ్లకి తర్వాత డిప్రెషన్ వచ్చే ముప్పు రెట్టింపని 2011లో బాలియోనీ బృందం 21 అధ్యయనాల ఆధారంగా చెప్పింది. షుగర్‌ది కూడా ఇలాంటి రెండువైపుల సంబంధమే. 2008లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం డిప్రెషన్ ఉన్నవాళ్లకి టైప్ 2 షుగర్ వచ్చే ముప్పు 60 శాతం ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్లకి డిప్రెషన్ వచ్చే ముప్పు 15 శాతం ఎక్కువ. ఆయన నీరసంలో సగం మాత్రలు మానేయడం వల్ల, మాత్రలు మానేయడం నీరసం వల్ల.

అన్నిటికన్నా పెద్దది, నలుగురిలోకి వెళ్లడం మానేయడం. పదేళ్లుగా పొద్దున్నే ఒక బృందంతో షటిల్ ఆడేవారు. ఉద్యోగం పోయాక "ఇప్పుడు ఎక్కడ చేస్తున్నావ్?" అన్న ప్రశ్నకి మొహం చెల్లక మానేశారు. ఇప్పుడు జవాబుంది, అయినా వెళ్లట్లేదు. ఉద్యోగం తిరిగొచ్చింది గానీ, ఉద్యోగంతో పాటు పోయినవేవీ తిరిగి రాలేదు. వాటంతట అవి రావు కూడా.

చికిత్స

మందు గురించి ఆయనకి రెండు అనుమానాలున్నాయి. మొదటిది, అలవాటైపోతుందేమో. మద్యంలా దాని కోసం పరిగెత్తించే అలవాటు ఈ మందులతో రాదు, కానీ ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, షాక్ కొట్టినట్టు ఉండటం, చిరాకు రావచ్చు కాబట్టి ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలని ఉన్నదున్నట్టు చెప్పాను. రెండోది, "నా మెదడులో సెరొటోనిన్ తక్కువైందా?" అని. దీనికి అవునని చెప్పడం సులువు, చాలాకాలం అలాగే చెప్పేవాళ్లు. 2022లో మాంక్రీఫ్ బృందం ఉన్న ఆధారాలన్నీ చూసి, సెరొటోనిన్ తగ్గడమే డిప్రెషన్‌కి కారణమనడానికి నిలకడైన రుజువు లేదంది. ఆ మాట పట్టుకుని మందులు పనిచేయవనడం మాత్రం పొరపాటు, అది వేరే ప్రశ్న. 2018లో చిప్రియానీ బృందం 522 ట్రయల్స్, లక్షా 16 వేల మందికి పైగా రోగుల డేటా చూస్తే, పరీక్షించిన 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కన్నా ఎక్కువ పనిచేశాయి. సగటు తేడా పెద్దది కాదు, కానీ ఉంది. మందు ఎందుకు పనిచేస్తోందో పూర్తిగా తెలియకపోయినా, పనిచేస్తోందో లేదో కొలవొచ్చు, మనం కొలుద్దాం అన్నాను. అలా చెబితే ఆయనకి నచ్చింది, లెక్కల మనిషి. తాగుడు ముందు సగానికి తగ్గించి రెండో వారానికి ఆపేయడం, పొద్దున టిఫిన్ తర్వాత సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మందు 50 మిల్లీగ్రాములు, షుగర్ మాత్రలు కూడా అదే డబ్బాలో. మొదటి వారం వికారం ఉంది, తర్వాత పోయింది.

నిద్రకి మాత్ర ఇవ్వలేదు. ఎప్పుడు పడుకున్నా ఆరింటికి లేవడం, మెలకువ వచ్చి ఆలోచనలు మొదలైతే మంచం దిగి వేరే గదిలో కూర్చోవడం, మళ్లీ నిద్ర వస్తేనే మంచం ఎక్కడం. నిద్రలేమికి ఇచ్చే ఈ తరహా థెరపీని మందుకి తోడు చేస్తే డిప్రెషన్ కూడా బాగా తగ్గుతుందని 2008లో 30 మందితో చేసిన చిన్న అధ్యయనం ఆశ కల్పించింది. తర్వాత 150 మందితో చేసినప్పుడు డిప్రెషన్ విషయంలో ఆ తేడా స్పష్టంగా రాలేదు. నిద్ర మెరుగుపడటమే చేయడానికి తగినంత కారణం కాబట్టి నేను చేయిస్తూనే ఉన్నాను, డిప్రెషన్ దానితోనే పోతుందని మాత్రం ఎవరికీ చెప్పను.

అసలు పని బిహేవియరల్ యాక్టివేషన్. మనసు బాగుపడ్డాక పనులు మొదలుపెడదామని ఎదురుచూడకుండా, ముందు పని మొదలుపెట్టి మనసుని వెంట రానివ్వడం. చూడటానికి చాలా మామూలుగా కనిపిస్తుంది. 2016లో 440 మందితో చేసిన కోబ్రా ట్రయల్‌లో, పెద్ద శిక్షణ లేని జూనియర్ కార్యకర్తలు ఇచ్చిన ఈ చికిత్స, నిపుణులైన థెరపిస్టులు ఇచ్చిన సీబీటీకి (ఆలోచనల తీరుని, ప్రవర్తనని మార్చుకోవడం నేర్పే థెరపీ) ఏమాత్రం తీసిపోలేదు. షటిల్‌కి వెళ్లండి అని నేను అనలేదు, అది ఆయనకి కొండంత. మొదటి వారం కూతురి లెక్కలు వారానికి మూడు రోజులు. రెండో వారం పొద్దున పది నిమిషాల నడక, ఆట స్థలం ఉన్న దారిలో కాకుండా వేరే దారిలో. మూడో వారం ఆ దారిలోనే. తర్వాత పాత స్నేహితుల్లో ఒకే ఒక్కడికి ఫోన్, మాట్లాడాల్సిన మొదటి వాక్యం ఏమిటో నా గదిలోనే రాసుకున్నారు: "చాలా రోజులైంది, కొంచెం బాగోలేక రాలేదు." ఎక్కడ పనిచేస్తున్నావన్నది అవతలి మనిషి అడగనే లేదట.

భార్యతో కలిసి కూర్చున్న సెషన్

బ్రౌన్, హారిస్ 1970లలో లండన్‌లోని క్యాంబర్‌వెల్ మహిళల మీద చేసిన పరిశోధనలో, కష్టం వచ్చినప్పుడు డిప్రెషన్‌లో పడిపోవడానికీ తట్టుకోవడానికీ మధ్య తేడా తెచ్చిన వాటిలో ముఖ్యమైనది, మనసు విప్పి మాట్లాడుకునే ఒక దగ్గరి మనిషి ఉండటం. ఆయనకి అలాంటి మనిషి ఇంట్లోనే ఉంది, కానీ చెప్పుకోవట్లేదు. 1989లో హూలీ, టీస్‌డేల్ 39 మంది డిప్రెషన్ రోగుల్ని "మీ జీవిత భాగస్వామి మిమ్మల్ని ఎంతగా తప్పుపడతారు?" అని అడిగి పది పాయింట్ల కొలత మీద వేయించారు. తొమ్మిది నెలల్లో ఎవరికి జబ్బు తిరగబెడుతుందో ఆ ఒక్క ప్రశ్న చాలావరకు చెప్పగలిగింది. ఇదే ప్రశ్న ఆయన్ని అడిగితే 8 అన్నారు. భార్యని, మీరు ఎంతగా తప్పుపడుతున్నారనుకుంటున్నారని అడిగితే 3 అన్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆమెని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ ఎనిమిది నెలలు ఇల్లు నడిపింది ఆమె. ఆఫీసులో జరిగేది, తెల్లవారుజామున వచ్చే ఆ ఆలోచన, రెండూ ఆయన ఆరోజు ఆమెతో చెప్పారు. "ఇంత ఉంటే నాతో అనలేదేం?" అని ఏడ్చారామె. "నువ్వు ఏం తక్కువైందని అడుగుతుంటే చెప్పబుద్ధి కాలేదు" అన్నారాయన. ఆ సెషన్‌లో నేను ఇచ్చిన పని ఒక్కటే, రోజూ పడుకునే ముందు పదిహేను నిమిషాలు ఆమె అడగడం, ఆయన చెప్పడం, సలహా ఎవరూ ఇవ్వకూడదు. ఆ చివరి షరతు అన్నిటికన్నా కష్టమని తర్వాత ఆమే చెప్పారు.

నడిచిన తీరు

స్కోరు రెండో వారానికి 17, నాలుగో వారానికి 14. అప్పుడు సెర్ట్రాలిన్ 100కి పెంచాను. ఏడో వారంలో పాత ఆఫీసువాళ్లందరూ కలుసుకుంటున్నారని పిలుపు వచ్చింది, వెళ్లలేదు, ఆ రాత్రి తాగారు, మూడు రోజులు ఆఫీసుకి వెళ్లలేదు. స్కోరు 16. "మళ్లీ మొదటికొచ్చింది" అన్నారు. కాగితాలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే నిద్ర ప్రశ్నకి 3 నుంచి 1కి తగ్గింది అలాగే ఉంది, తొమ్మిదో ప్రశ్న 0, పెరిగింది అపరాధ భావం, ఆసక్తి లేకపోవడం రెండే. మొదటికి రాలేదని ఆయన సొంత లెక్కే చెప్పింది. పన్నెండో వారానికి 9.

చాలామంది ఇక్కడ ఆపేస్తారు. సగానికి పైగా తగ్గింది, మనిషి ఆఫీసుకి వెళ్తున్నాడు, చాలు కదా అనిపిస్తుంది. చాలదు. 1995లో పేకెల్ బృందం, కోలుకున్నాక కూడా కొన్ని లక్షణాలు మిగిలిపోయినవాళ్లలో 76 శాతం మందికి జబ్బు తిరగబెడితే, ఏవీ మిగలనివాళ్లలో 25 శాతం మందికే తిరగబెట్టిందని చూపించింది. మిగిలిన ఆ 9లో అన్నిటికన్నా పెద్ద వాటా పనికిరానన్న భావనదే, దాని మూలం ఆఫీసులో. ఈసారి మేనేజర్‌తో విడిగా మాట్లాడే విషయం మీద పనిచేశాం. తప్పులుంటే అందరి ముందూ కాకుండా మెయిల్‌లో పంపమని అడిగారు. కొన్నిసార్లు పంపుతున్నాడు, కొన్నిసార్లు అలాగే చదువుతున్నాడు. వేరే ఉద్యోగాలకి కూడా అప్లై చేస్తున్నారు. ఆరో నెలకి స్కోరు 4, షటిల్ వారానికి రెండు రోజులు, హెచ్‌బీఏ1సీ 7.4.

ఇప్పుడు ఆయన అడుగుతున్నది మందు ఎప్పుడు ఆపొచ్చని. పూర్తిగా కోలుకున్నాక కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించడం మామూలు పద్ధతి. ఏళ్లుగా మందు వాడుతూ బాగున్న 478 మందితో 2021లో వచ్చిన ఆంట్లర్ ట్రయల్‌లో, ఏడాదిలోపు కొనసాగించినవాళ్లలో 39 శాతం మందికి, మెల్లగా ఆపినవాళ్లలో 56 శాతం మందికి తిరగబెట్టింది. ఆపినవాళ్లలో 44 శాతం మంది బాగానే ఉన్నారు, కొనసాగించినవాళ్లకి పూర్తి రక్షణా లేదు. ఈ రెండు వైపులూ ఆయన ముందు పెట్టాను. ఇది మొదటి ఎపిసోడ్ కాబట్టి తొమ్మిది నెలలు వాడి, ఆ తర్వాత నెలల తరబడి మెల్లగా తగ్గిద్దామని ఆయన నిర్ణయించుకున్నారు. తిరగబెట్టే ముందు కనిపించే మూడు సూచనలు ఆయనా భార్యా కలిసి రాసుకున్నారు: వరుసగా నాలుగు రోజులు నాలుగింటికి ముందే మెలకువ, షుగర్ మాత్ర మర్చిపోవడం, ఫోన్లు ఎత్తకపోవడం. వీటిలో రెండు కలిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా రావాలి. తండ్రి సంగతులు ఎప్పుడైనా మాట్లాడాలని ఉందా అని అడిగాను, ఇప్పుడు వద్దన్నారు, అవసరమనిపించినప్పుడు తలుపు తీసే ఉందని చెప్పాను. మళ్లీ రెండు నెలలకి చూస్తాను, ఈసారి ఇద్దరినీ కలిపే రమ్మన్నాను.